నాలుగో క్లాసు ఇన్యూట్ పాఠం: విన్నిపెగ్‌లో మా అనుభవం

కెనడాలోని మానిటోబాలో నాలుగో క్లాసు చదివే పిల్లలుంటే ఇది మీ ఇంటికీ వస్తుంది. సోషల్‌లో కెనడా ఉత్తర ప్రాంతం అని ఒక పెద్ద పాఠం ఉంటుంది, అందులో చాలా భాగం అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజల గురించే. మాకు 2025 జనవరిలో మొదలై మార్చి చివర్లో అయిపోయింది. మొదలయ్యే ముందు తెలిసినవాళ్లని అడిగితే "ఏముంది, ఒక ఇగ్లూ బొమ్మ చేసి పంపిస్తే సరిపోతుంది" అన్నారు. మాకు అలా ఏమీ జరగలేదు. మధ్యలో పోలీసులకి వేలిముద్రలు కూడా ఇచ్చి వచ్చాను. అన్నీ గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

జనవరి 13, సోమవారం స్కూల్ నుంచి లెటర్ వచ్చింది, రెండు పేజీలు. ఇంటి నుంచి ఇగ్లూ మోడళ్లు చేసి పంపొద్దని మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉంది. మా ఆయన సివిల్ ఇంజనీరు, క్రిస్మస్ సెలవుల్లోనే థర్మోకోల్ షీట్లు తెచ్చి పెట్టుకున్నారు, లోపల చిన్న లైటు కూడా ప్లాన్ చేశారు, పాపం ముఖం చిన్నబోయింది. మంచు ఇల్లు ఎలా కడతారో కట్టడం తెలిసినవాళ్లే వచ్చి చూపిస్తారట. ఒక్కో పిల్లకి చీటీ తీసి ఒక్కో అంశం ఇస్తారట. రెండో పేజీలో రెండు విషయాలు. కొన్ని పాఠాల్లో బాధ కలిగించే చరిత్ర ఉంటుంది, ముందుగా తెలుసుకోవాలంటే టీచర్‌ని అడగండి అని ఒకటి. ఫీల్డ్ ట్రిప్‌కి, క్లాసులో సాయానికి పేరెంట్స్ కావాలి, కానీ పోలీస్ చెక్ తప్పనిసరి అని ఇంకొకటి.

నేను చిన్నప్పుడు చదువుకున్నది ఒకే ఒక్క పేజీ. ఎస్కిమోలు, ఇగ్లూ, కుక్కల బండి, ఫర్ కోటు, పరీక్షలో రెండు మార్కులు. ఆ పిలుపు వాళ్లకి నచ్చదని, ఇన్యూట్ అనాలని మా అమ్మాయి మొదటి రోజు సాయంత్రమే మా ఇద్దరికీ చెప్పి, భోజనాల వేళకల్లా ఒకటికి రెండుసార్లు దిద్దింది కూడా. తెనాలిలో ఉన్న మా అత్తగారిని మాత్రం ఫోన్‌లో దిద్దలేక వదిలేసింది.

మొదటి వారం అంతా మ్యాపులు. ఇన్యూట్ ఎక్కువగా ఉండే నునావుట్ అనే ప్రాంతం 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడిందని, దాని విస్తీర్ణం దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్లని రాసుకొచ్చింది. అంటే ఇండియాలో మూడింట రెండు వంతులకి దగ్గర. జనాభా 2021 లెక్కల్లో 37 వేల లోపు, మా తెనాలి జనంలో నాలుగో వంతు కూడా కాదు. అంత నేలలో 25 ఊళ్లు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. విమానం ఎక్కాలి, సామాన్లన్నీ వేసవిలో ఓడ మీద రావాలి. నేను నమ్మక మళ్లీ చూశాను, నిజమే. మా ఆయనైతే ఆ రాత్రంతా ఆ ఊళ్ల రన్‌వేలు మ్యాప్‌లో చూస్తూ కూర్చున్నారు.

చీటీల రోజు మా అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. తనకి కుక్కలు కావాలి, ఆ చీటీ ఇంకెవరికో వెళ్లిపోయింది. తనకి వచ్చింది "పేర్లు". "పేర్ల గురించి ఏముంటుంది మమ్మీ, ఒక లిస్ట్ రాసి చదవడమేనా?" అని. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. మార్చుకోవడానికి వీల్లేదు అన్నారు.

ఇక నా పోలీస్ చెక్ సంగతి. జనవరి 16న అప్లై చేశాను. పిల్లలతో పనిచేసేవాళ్లకి చేసే చెక్ మామూలు దానికంటే కొంచెం లోతుగా ఉంటుంది. దాంతో పాటు పిల్లలని హింసించినవాళ్ల రిజిస్ట్రీలో మన పేరు లేదని ఇంకో కాగితం. ఫీజు వాలంటీర్లకి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, స్కూల్ ఆఫీస్‌లో ముందే అడిగి, వాళ్ల లెటర్ తీసుకుని వెళ్లండి. రెండు వారాల్లో వచ్చేస్తుందిలే అనుకుంటే నెలాఖరున వేరే కబురు వచ్చింది, వేలిముద్రలు ఇవ్వాలని. గుండె ఆగినంత పనైంది. నేనేం చేశాను? ట్రాఫిక్ ఫైన్ కూడా లేదు నాకు. ఆఫీస్‌కి వెళ్లి అడిగితే కౌంటర్‌లో అమ్మాయి చాలా మామూలుగా చెప్పింది. పాత నేరాలకి క్షమాపణ పొందినవాళ్ల రికార్డులు కొన్ని ఉంటాయి, వాటిలో ఎవరితోనైనా మన పుట్టినతేదీ, ఆడా మగా అన్నది కలిస్తే చాలు, అది మనం కాదని తేల్చుకోవడానికి వేలిముద్రలు అడుగుతారు, పేరు వేరైనా సరే. నా సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ జూన్ 1. అసలు పుట్టింది కార్తీకంలో. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. మన వైపు ఆ తారీకు మోస్తున్నవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. విన్నిపెగ్‌లో ఒక కౌంటర్ దగ్గర నిలబడి, ఇది నేను పుట్టిన రోజే కాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఇంకో గొడవ ఎందుకని మింగేశాను. వేలిముద్రలకి విడిగా డబ్బులు కట్టి వచ్చాను, మళ్లీ ఎదురుచూపులు.

ఈలోపు ఇంట్లో సబ్బుల గొడవ. స్కూల్లో ఇన్యూట్ రాతి శిల్పాల గురించి చెప్పి, పిల్లలతో సబ్బు మీద చెక్కిస్తారు. ఐవరీ సబ్బే తెమ్మన్నారు, అది మెత్తగా ఉంటుంది, పెళుసుగా విరగదు. మా అమ్మాయి సీల్ అనే సముద్ర జంతువుని చెక్కాలనుకుంది. తల విరిగింది, దాన్ని నిద్రపోతున్న సీల్ అంది. తర్వాత తోక కూడా పోయింది, అప్పుడది గుడ్డు పెడుతున్న పక్షి అయింది. ఆ వారం మా వంటగదంతా సబ్బు వాసన, చపాతీ పీట మీద కూడా. రాలిన పొడి ఒక డబ్బాలో పోసి బట్టలకి వాడేశాను.

ఆ తర్వాత ఇన్యూట్ లిపి. ఇది మాత్రం నేనూ కూర్చుని నేర్చుకున్నాను. ఇనుక్టిటుట్ భాషని ఒక ప్రత్యేకమైన లిపిలో రాస్తారు, అచ్చులు మూడే, ఇ, ఉ, అ. ఒక హల్లుకి ఒక ఆకారం, ఆ ఆకారాన్ని తిప్పితే గుణింతం మారుతుంది. పకారం త్రిభుజంలా ఉంటుంది, మొన పైకి ఉంటే పి, కుడి వైపు తిప్పితే పు, ఎడమ వైపు తిప్పితే ప. పైన ఒక చుక్క పెడితే దీర్ఘం. పొల్లు హల్లుని చిన్నగా పైకెత్తి రాస్తారు. మా అమ్మాయికి తెలుగు గుణింతం నేర్పడానికి నేను ఏళ్ల తరబడి పడిన తిప్పలు నాకు తెలుసు, ఆదివారం తెలుగు క్లాసంటే కడుపునొప్పి వస్తుంది దానికి. ఇది మాత్రం ఒక్క సాయంత్రంలో పట్టేసింది. "తాత" అని రాసింది, ఒకే అక్షరం రెండుసార్లు, మొదటిదాని మీద చుక్క. "నాయనమ్మ" అని రాసింది, మ ముందు ఇంకో చిన్న మ పైకెక్కి కూర్చుంది. "అది మ ఒత్తే కదా మమ్మీ, మనం కింద పెడతాం, వీళ్లు పైన పెడతారు" అని తనే అంది. ఆ కాగితం ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే మా మామగారు ఇదేం షార్ట్‌హ్యాండ్ అమ్మా అని అడిగారు.

ఫిబ్రవరి 12న మంచు ఇల్లు. నా పోలీస్ చెక్ ఇంకా రాలేదు కాబట్టి నన్ను లోపలికి రానివ్వలేదు, సరేనని స్కూల్ ఫెన్సింగ్ అవతల ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను. మైనస్ 22. గాలితో కలిపి మైనస్ 27 దాటితే మా స్కూల్లో పిల్లల్ని బయటికి వదలరు, ఆ రోజు అంచులో ఉంది, అందుకని గబగబా మొదలుపెట్టారు. వచ్చినవాడు ఒక కుర్రాడు, రాంకిన్ ఇన్‌లెట్ నుంచి. వాళ్ల అమ్మకి ఇక్కడ ఆసుపత్రిలో చికిత్స జరుగుతుంటే తోడుగా వచ్చాడట. నునావుట్‌లో హడ్సన్ బే పడమటి తీరాన ఉన్న ఊళ్లకి పెద్దాసుపత్రి అంటే విన్నిపెగ్గే, విమానంలో ఇక్కడికే వస్తారు. నేను ఇన్నేళ్లుగా బస్సులో, ఆసుపత్రి వెయిటింగ్ రూముల్లో వాళ్లని చూస్తూనే ఉన్నాను, ఎవరో ఏమిటో ఎప్పుడూ ఆలోచించలేదు.

అతను వచ్చి స్కూల్ గ్రౌండ్‌లో ఒక సన్నటి కర్రతో మంచుని పొడుస్తూ తిరిగాడు, ఇక్కడ పనికిరాదు, అక్కడా పనికిరాదు అంటూ. మనకి మంచంతా ఒకటే కదా. కానీ కొత్తగా పడిన మంచు పొడిపొడిగా రాలిపోతుంది, గాలికి కొట్టుకొచ్చి గట్టిపడిన మంచు అయితేనే దిమ్మలుగా కోయడానికి వస్తుంది. చివరికి బేస్‌బాల్ కంచె వెనకాల గాలికి పేరుకున్న గుట్ట దొరికింది. అది నేను నిలబడ్డ వైపే, నా అదృష్టం. మామూలు వడ్రంగి రంపంతో కోశాడు. మొదటి వరస గుండ్రంగా పేర్చి, ఆ వరస పైభాగాన్ని ఏటవాలుగా కోసేశాడు, అక్కడి నుంచి రెండో వరస దాని మీదికెక్కి చుట్టుకుంటూ పోతుంది, ఒక్కో దిమ్మ కొంచెం లోపలికి వాలి పక్కదాన్ని ఆనుకుంటుంది. మా ఆయన వీడియో కాల్‌లో ఇదంతా చూస్తూ ఆఫీస్ మీటింగ్ ఎగ్గొట్టారు.

ఇక్కడొక తమాషా. పైకప్పు వేయనివ్వలేదు. మంచుతో కట్టిన దేనికీ కప్పు ఉండకూడదని స్కూళ్ల రూల్, కూలితే పిల్లలు మంచు కింద చిక్కుకుంటారని. తరతరాలుగా కడుతున్నవాళ్ల మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, రూల్ రూలే. అతను నవ్వేసి, నాలుగో వరస దగ్గర ఆపేశాడు. పిల్లలు వంతులవారీగా లోపలికి పాకి, తలెత్తి ఆకాశం చూసి వచ్చారు. ఇప్పుడు అక్కడ ఎవరూ వీటిలో కాపురం ఉండరని, తను ఉండేది హీటర్ ఉన్న ఇంట్లోనని, కానీ వేటకి వెళ్లినప్పుడు తుఫాను పట్టుకుంటే ఇదే కాపాడుతుందని చెప్పాడట. ఒక పిల్లాడు "వైఫై ఉంటుందా మీ ఊళ్లో" అని అడిగాడని, ఉంటుంది కానీ నువ్వు తిట్టుకునేంత స్లోగా ఉంటుంది అన్నాడని మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది.

ఫిబ్రవరి 20న ఒక పెద్దావిడ క్లాసుకి రావాలి. ఇక్కడ అలాంటివాళ్లని ఎల్డర్ అంటారు. ఆవిడది నునావుట్‌లోని ఆర్వియాట్, విన్నిపెగ్‌లో స్థిరపడి చాలా కాలమైంది. కానీ దగ్గర బంధువులు ఎవరో పోయారని ఊరెళ్లారు, అక్కడ తుఫాను, విమానాలు బంద్. రోడ్డు లేదంటే ఏమిటో అప్పుడర్థమైంది. కార్యక్రమం మార్చి మధ్యకి వాయిదా పడింది. మా అమ్మాయికి టెన్షన్, ఎందుకంటే తన పేర్ల ప్రాజెక్ట్‌కి ఆవిడనే అడగమని టీచర్ చెప్పింది, పుస్తకాల్లోంచి ఎత్తి రాయొద్దంది.

నా కాగితాలు ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్లై చేసి ఆరు వారాలు.

మార్చి 6న ట్రిప్. డౌన్‌టౌన్‌లో విన్నిపెగ్ ఆర్ట్ గ్యాలరీకి ఆనుకుని కౌమాజుక్ అని కట్టారు, 2021లో తెరిచారు. ప్రస్తుతకాలపు ఇన్యూట్ కళకి సంబంధించి ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజా సేకరణ ఉన్నది ఇక్కడే. మనిషికి 14 డాలర్లు తీసుకున్నారు, బస్సుతో కలిపి. లోపలికి వెళ్లగానే మూడంతస్తుల ఎత్తున గాజు గోడ, దాని వెనకాల అరలు, అరల నిండా దాదాపు 5,000 రాతి శిల్పాలు. మామూలుగా మ్యూజియంలు గోదాముల్లో దాచేవాటిని ఇక్కడ అలా బయటికే పెట్టేశారు. నా గ్రూపులో అల్లరి పిల్లలు నలుగురున్నారు, వాళ్లు కూడా ఒక్క నిమిషం నోరెత్తలేదు, తర్వాత ఎవరు ఎక్కువ ఎలుగుబంట్లు లెక్కపెడతారో పందెం వేసుకున్నారు. డ్యాన్స్ చేసే ఎలుగుబంటి ఒకటి ఉంటే దాని ముందు నిలబడి అందరూ ఒంటికాలి మీద ఫొటో దిగారు.

నాకు మాత్రం ఆర్వియాట్ శిల్పాలు మనసులో ఉండిపోయాయి. అక్కడి రాయి బూడిద రంగు, చాలా గట్టిది, నగిషీలు చెక్కడానికి లొంగదు. అందుకని శిల్పులు తక్కువ గీతలతో వదిలేస్తారు. లూసీ తాసియోర్ టుట్‌స్వీటక్ అనే ఆవిడ ఒక రాయి అంచుల్లో చిన్న చిన్న ముఖాలు పొడుచుకొచ్చినట్టు చెక్కేది, తల్లి, పిల్లలు, ఇంకెవరో, ఎవరు ఎవరో విడదీయలేం. మా అమ్మాయి సబ్బు సీల్ గుర్తొచ్చి నవ్వుకున్నాను కానీ, అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. నా గ్రూపు పిల్లలు అప్పటికే గిఫ్ట్ షాపులో ఉన్నారు. గిఫ్ట్ షాపుకి డబ్బులు ఇచ్చి పంపొద్దని లెటర్‌లో ఉంది, సగంమంది పంపారు, మిగతా సగం ఏడ్చారు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

పెద్దావిడ వచ్చే ముందు కానుక విషయంలో చిన్న గందరగోళం. పేరెంట్ కౌన్సిల్ గౌరవ వేతనం, టాక్సీ ఖర్చు ఇస్తుంది, చేతికి ఏదైనా ఇవ్వడం కూడా ఆనవాయితీ. ఆఫీస్‌లో ఎవరో అలవాటుగా పొగాకు కొనబోయారు. ఈ ప్రాంతపు ఫస్ట్ నేషన్స్ (ఇన్యూట్ కాని వేరే మూలవాసులు) పెద్దలని ఏదైనా అడిగేటప్పుడు పొగాకు సమర్పిస్తారు, అది వాళ్ల మర్యాద, ఇన్యూట్‌ది కాదు. టీచర్ పట్టుకుని ఆపింది. చివరికి మంచి టీ, ఉన్ని దారం ఉండలు కొన్నాం, ఆ పని నాకే అప్పజెప్పారు.

ఇంకో తలనొప్పి, ఆవిడ వెలిగించి చూపించాల్సిన దీపం. కుల్లిక్ అని చంద్రవంకలా ఉండే రాతి దీపం, పాతకాలంలో వెలుతురు, వెచ్చదనం, వంట, బట్టలు ఆరబెట్టుకోవడం అన్నీ దాంతోనే, దాన్ని చూసుకోవడం ఇంటి ఆడవాళ్ల పని. సీల్ కొవ్వు కరిగిన నూనె పోస్తారు. స్కూల్లో నిప్పు వెలిగించాలంటే పైనుంచి అనుమతి రావాలి, దానికి మూడు వారాలు. ఇచ్చారు కానీ షరతులతో: ఆర్ట్ రూములోనే, తలుపు తెరిచి, పక్కన మంటలార్పే సిలిండర్, కేర్‌టేకర్ నిలబడి ఉండాలి. ఆవిడ తెచ్చిన ఉలు, అంటే ఆడవాళ్లు వాడే అర్ధచంద్రాకారపు కత్తి, ఆఫీస్ లాకర్‌లోనే ఉండిపోయింది. పిల్లలకి దాని అట్టముక్క నమూనా చూపించారు. ఆవిడ ఏమనుకున్నారో ఏమో, పైకి మాత్రం ఏమీ అనలేదు.

మార్చి 14, శుక్రవారం. ఆవిడ పొట్టిగా, కళ్లజోడుతో, పైన మామూలు స్వెటర్, కాళ్లకి సీల్ చర్మం బూట్లు. ఆర్కిటిక్ పత్తి అని అక్కడి నేల మీద మొలిచే మొక్క దూదిని నాచుతో కలిపి, రాతి అంచు పొడవునా వత్తిలా పరిచారు. సీల్ నూనె ఇక్కడ దొరకడం కష్టమని కనోలా నూనె పోశారు. ఒక మూల వెలిగించి, చిన్న పుల్లతో ఆ మంటని అంచు వెంబడి కొంచెం కొంచెం జరుపుతూ పోయారు. ఎక్కడైనా కొడి కట్టి పొగ వస్తే అక్కడ పుల్లతో నొక్కుతున్నారు, మాట్లాడుతూనే, చూడకుండానే. పిల్లలు బూట్ల గురించి అడిగారు. మా అమ్మాయి జనవరిలో సీల్‌ని చంపుతారని తెలిసి ఒక పూట అన్నం మానేసిన మనిషి. యూరప్ వాళ్లు 1983లో సీల్ పిల్లల తోళ్లని నిషేధించాక మార్కెట్ మొత్తం కుప్పకూలిందని, సీల్ పిల్లల జోలికే వెళ్లని తమ వేటగాళ్లకి కూడా పెట్రోల్‌కి, తూటాలకి డబ్బుల్లేకుండా పోయాయని ఆవిడ చెప్పారు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. మాంసం తిని, తోలు తొడుక్కుని, నూనె వెలిగించుకున్నాక పారేసేది ఏముంటుంది అన్నారు.

అప్పుడు మా అమ్మాయి చెయ్యెత్తి పేర్ల గురించి అడిగింది. ఆవిడ చెప్పింది విని నేను వెనక కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వాళ్లలో బిడ్డకి ఈ మధ్య పోయిన బంధువు పేరు పెడతారు. ఆ పేర్లకి ఆడా మగా తేడా లేదు. పేరుతో పాటు వరస కూడా వస్తుంది. ఆవిడకి వాళ్ల అమ్మ తండ్రి పేరు పెట్టారట, అందుకని వాళ్ల అమ్మ జీవితాంతం ఆవిడని "అటాటా" అని పిలిచిందట, అంటే నాన్నా అని. సొంత కూతుర్ని. అలాంటి బిడ్డని గట్టిగా తిట్టరు కూడా, తిడితే పెద్దాయనని తిట్టినట్టే.

క్లాసులో కొందరు నవ్వారు. మా అమ్మాయి లేచి "మా నాయనమ్మ నన్ను అత్తగారూ అని పిలుస్తుంది" అంది. అది నిజం. మా అత్తగారి అత్తగారి పేరు పెట్టాం దానికి, స్కూల్లో వాడేది రెండో పేరు. మా అత్తగారు దాన్ని ఆ పేరు పెట్టి పిలవరు, నోరు రాదు. "అత్తగారు అన్నం తిన్నారా, అత్తగారు ఇంకా లేవలేదా" అనే అంటారు ఫోన్‌లో, మీరు అనే అంటారు తొమ్మిదేళ్ల పిల్లని. ఫ్రెండ్స్ ఉన్నప్పుడు స్పీకర్ పెట్టొద్దని నా మీద అరిచేది, అంత సిగ్గు దానికి. అలాంటిది ఇరవైమంది ముందు లేచి చెప్పేసింది. పెద్దావిడ పకపకా నవ్వి "మరి తిడుతుందా నిన్ను?" అని అడిగారు. "లేదు, నేనే తిడతాను" అంది ఇది.

ఆ తర్వాతి భాగానికే లెటర్‌లో హెచ్చరిక పెట్టింది. ప్రభుత్వానికి ఈ పేర్లు పలకడం, రాసుకోవడం కుదరక, ఇంటిపేర్లు లేకపోవడంతో లెక్క తేలక, 1941 నుంచి ఒక్కొక్కరికి ఒక నంబరు వేసిన బిళ్ల ఇచ్చారు. తాడుతో మెడలో వేసుకోవడమో, దగ్గర ఉంచుకోవడమో చేయాలి. ఆవిడకీ ఉండేది, ఆ నంబరు ఇప్పటికీ నోటికి వచ్చు, గడగడా చెప్పారు. 1968 తర్వాత ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరూ తిరిగి అందరినీ అడిగి ఇంటిపేర్లు రాయించారు, తర్వాత బిళ్లలు పోయాయి. బిళ్ల ఫొటో చూపించి టీచర్ ఒక మాట చెప్పింది, మనం ఇలాంటివి తయారు చేసుకుని మెడలో వేసుకుని ఆడుకోం, ఇది ఆట కాదు అని. అది నాకు నచ్చింది.

ఆవిడ అక్కని చిన్నప్పుడు క్షయ అని దక్షిణానికి తీసుకెళ్లారట. 1950ల మధ్యలో ఇన్యూట్ జనంలో దాదాపు ఏడుగురిలో ఒకరు ఇలా ఎక్కడో దూరాన శానటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో ఉన్నారు. పోయినవాళ్లని ఎక్కడ పాతిపెట్టారో చాలా ఇళ్లకి చెప్పలేదు, దానికి అప్పటి ప్రధాని ట్రూడో 2019 మార్చిలో నునావుట్ రాజధాని ఇకాలూట్ వెళ్లి క్షమాపణ చెప్పారు. వాళ్ల అక్క మాత్రం తిరిగొచ్చింది, కానీ భాష మర్చిపోయి వచ్చింది, అమ్మతో మాట్లాడలేకపోయింది. ఈ మాట దగ్గర నేను మా అమ్మాయి వైపు చూడలేదు. ఆదివారం తెలుగు క్లాసుల గొడవంతా బుర్రలో తిరిగింది, అయినా ఇది, అది ఒకటి కాదు, మేము టికెట్ కొనుక్కుని ఇష్టపడి వచ్చినవాళ్లం.

చివర్లో ఎండబెట్టిన ఆర్కిటిక్ చార్ చేప, బానక్ రొట్టె పెట్టారు. అలర్జీ ఫారం ముందే నింపి ఇవ్వాలి, లేకపోతే పిల్లకి పెట్టరు. పచ్చి చేపకి స్కూల్ ఒప్పుకోలేదు. కొందరు ముక్కు మూసుకున్నారు, మా అమ్మాయి రెండోసారి అడిగింది. గుంటూరు జిల్లా రక్తం, ఎండుచేప వాసనకి భయపడుతుందా.

మార్చి 24న ప్రెజెంటేషన్. నాలుగు నిమిషాలు. నాయనమ్మ ఫోన్‌లో "అత్తగారూ" అని పిలిచిన ఆడియో వినిపించింది, ముందు రోజు రాత్రి తనే కాల్ చేసి రికార్డు చేసుకుంది. మా అత్తగారికి సంగతి చెప్పి అనుమతి తీసుకోమన్నాను. ఆవిడ వివరమంతా విని "వాళ్లకి కూడా ఈ పద్ధతి ఉందా, మరి మనవాళ్లేనేమో కనుక్కో" అన్నారు. కుక్కల చీటీ వచ్చిన పిల్లాడి ప్రెజెంటేషన్ బాగుంది, మాది ఇంకా బాగుంది. తల్లిని కదా, అలాగే అంటాను.

ఇక లెక్కలు. ట్రిప్ 14 డాలర్లు, సబ్బులు ఆరేడు డాలర్లు, కానుక కౌన్సిల్ డబ్బు. అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయింది నా వేలిముద్రలకే. క్లాసులో సాయపడాలనుకుంటే సెప్టెంబర్‌లోనే అప్లై చేసుకోండి, మీ సర్టిఫికెట్ తేదీ కూడా జూన్ ఒకటో, జులై ఒకటో అయితే మరీనూ. ఆ కాగితం చూపించే మే నెల జూ ట్రిప్‌కి కూడా అప్పుడే పేరు ఇచ్చేశాను.